సంప్రదించవలసిన నంబరు

ఏడో ముసాయిదా వచ్చేనాటికి మార్లిస్ తోడ్సెన్‌కి ఆ వాక్యం కంఠతా వచ్చేసింది. "పాఠశాలలకు తగిన సహాయం అందించబడుతుంది." నూట అరవై పేజీల ప్రణాళికలో తొంభై ఒకటో పేజీ, పైనుంచి మూడో పేరా. మూడేళ్ళ కిందట ఆమె మొదట రాసింది అది కాదు. ఎనిమిది బడులకొక కంప్యూటర్ల మెకానిక్కు ఉండాలి, ఫోను చేసిన మర్నాటికల్లా బడిలో ఉండాలి అని రాసింది. రెండో ముసాయిదాలో ఎనిమిది కాస్తా ఇరవై అయింది. మూడోదాంట్లో అంకె పోయి "అవసరమైనంతమంది" వచ్చారు. నాలుగోదాంట్లో మనుషులు కూడా పోయి వట్టి సహాయం మిగిలింది. అయిదోదాంట్లో ఎవరో పుణ్యాత్ముడు దానిముందు "తగిన" చేర్చాడు. ఆరులోనూ ఏడులోనూ ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి అందులో ఇంకేం లేదు.

రాష్ట్రంలో ఉన్న అయిదొందల పన్నెండు ప్రభుత్వ బడుల్నీ డిజిటల్ చదువులోకి మార్చాలన్నది సంకల్పం. రాజధానిలో, సముద్రపు పాయ ఒడ్డున, విద్యాశాఖ భవనం నాలుగో అంతస్తులో నలుగురు కూర్చుని ఆ ప్రణాళిక తయారుచేశారు. ఆ నలుగురిలో బడి గుమ్మం తొక్కి పాఠం చెప్పిన మనిషి మార్లిస్ ఒక్కతే. యాభై ఆరేళ్ళది, పొడుగుమనిషి, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని దానికోసం బల్లంతా వెతికే అలవాటు.

చిక్కెక్కడో ఆమెకి తెలుసు. ఈ దేశంలో టీచర్లు రాష్ట్రానివాళ్ళు. బడి గోడలూ, కప్పూ, బల్లలూ ఆ ఊరి పురపాలక సంఘానివి. ట్యాబులు కొనేది ఊరు, అందులో పాఠాలు పెట్టేది రాష్ట్రం, బడిదాకా తీగ లాగేది ఎవరో కంపెనీవాళ్ళు. అన్నీ సవ్యంగా ఉన్నన్నాళ్ళు అందరివీ. చెడిపోయిన రోజున తిలాపాపం తలా పిడికెడు. చివరికి ప్రతి బడిలోనూ లెక్కలో ఫిజిక్సో చెప్పే టీచరు ఒకరు దొరుకుతారు. వాళ్ళకి వారానికొక పీరియడు తగ్గించి, ఈ బరువంతా నెత్తినపెడతారు.

ఆ దొరికినవాళ్ళలో మార్లిస్ కూడా ఒకప్పుడు ఉంది. తీరం వైపు ఒక బడిలో పద్నాలుగేళ్ళు లెక్కలు చెప్పింది, అందులో పదకొండేళ్ళు కంప్యూటరు మేడం కూడా ఆవిడే. అందరూ వేసవి సెలవులకి డెన్మార్కు వెళ్తే ఆవిడ బడి కింది గదిలో మోకాళ్ళమీద కూర్చుని తీగల చిక్కులు విడదీసేది. ఒక సోమవారం పొద్దున బడి ముందు కారాపి, దిగలేకపోయింది. ఒంట్లో ఏ జబ్బూ లేదు. తాళం చేతిలో ఉంది, సంచీ పక్కసీట్లో ఉంది, కాళ్ళు మాత్రం కదల్లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మొగుడు డెట్‌లెఫ్‌కి కూడా. ఆ ఏడే విద్యాశాఖలో ఖాళీ ఉందని చూసి దరఖాస్తు పెట్టింది. బడి ఎందుకు వదిలేస్తున్నావని అడిగినవాళ్ళకి, పైనుంచైతే బాగుచెయ్యొచ్చని చెప్పింది. కొన్నాళ్ళపాటు తనూ నమ్మింది.

జూన్ నెలాఖర్లో ప్రణాళిక అచ్చుకి వెళ్ళింది. ఆరువేల ప్రతులు, ప్రతి బడికీ పన్నెండేసి. ఆ రోజు మధ్యాహ్నం అచ్చాఫీసులో పేజీలు పేర్చే ఆవిడ ఫోను చేసింది. ఆఖరి పేజీలో "సంప్రదించవలసిన నంబరు" అని ఉంది, దాని పక్కన చుక్కలున్నాయి, నాలుగింటికి యంత్రం మీదికి ఎక్కిస్తున్నాం, ఈ చుక్కల్ని ఏం చెయ్యమంటారు అని అడిగింది.

మార్లిస్ తన పై అధికారి డాక్టర్ బ్రాండిస్‌కి రెండుసార్లు ఫోను చేసింది. ఆయన ఆర్థికశాఖవాళ్ళతో సమావేశంలో ఉన్నాడు. ఆ చుక్కల గురించి అప్పటికే ఆరు చోట్ల అడిగి ఉంది. పురపాలక సంఘాలవాళ్ళు రాష్ట్రాన్ని అడగమన్నారు, రాష్ట్రం కంప్యూటరు విభాగం సంఘాల్ని అడగమంది. కిటికీలోంచి చూస్తే పాయలో పడవ మీద సన్నగా వాన పడుతోంది. ఇంకొకరిని అడగాలన్న ఆలోచనకే ఆమెకి ఒళ్ళు బరువెక్కింది.

"రాసుకోండి," అని తన బల్లమీది ఫోను నంబరే చెప్పింది. అవతలావిడ తిరిగి చదివి వినిపించి, ఇదేనా అంది. ఇదే అంది మార్లిస్.

దాన్ని తర్వాత కొందరు ధైర్యమన్నారు. ధైర్యమేం కాదు. అలిసిపోయిన మనిషి, ఇంకొక వాదన పెట్టుకునే ఓపిక లేక, చేతికందిన మాట అనేసింది.

ఆగస్టు ఆఖర్న బడులు తెరిచారు. మొదటిరోజు ఏడూ యాభైకి ఫోను మోగింది. ఒక ప్రధానోపాధ్యాయురాలు, ట్యాబుల బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి మూసేశారు, ఏం చెయ్యాలని అడిగింది. రెండో ఫోను ఒక పెద్ద బడినుంచి. నూట ఎనభై ట్యాబులొచ్చాయి, తరగతికి రెండే ప్లగ్గులున్నాయి, వీటికి చార్జింగు ఎక్కడ పెట్టుకోవాలి అని. మూడోదాంట్లో ఒకాయన, పాస్‌వర్డుల ఉత్తరాలన్నీ తమకి కాక అదే పేరున్న ఇంకో ఊరికి వెళ్ళాయన్నాడు. మధ్యాహ్నంలోగా ఇరవై ఏడు ఫోన్లొచ్చాయి. తెలిసినదానికి ఆమె జవాబు చెప్పింది, తెలియనిదానికి ఎవరినో పట్టుకుని అడిగి మళ్ళీ ఫోను చేసింది. గళ్ళ నోటుబుక్కొకటి తీసి అన్నీ రాయడం మొదలెట్టింది. తేదీ, ఊరు, పేరు, ఏం చెడింది, ఎన్ని పాఠాలు పోయాయి.

రెండువారాలయ్యేసరికి పొద్దున తెచ్చుకున్న రొట్టె సాయంత్రం అలాగే ఇంటికి తీసుకెళ్ళడం అలవాటైంది. డెట్‌లెఫ్ ఆ డబ్బా తెరిచి చూసి, "రాష్ట్రమంతటికీ సంప్రదించవలసిన నంబరువి నువ్వే. నేను పలకరిస్తే మాత్రం ఈ నంబరు వాడుకలో లేదు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట ఊరికే అన్నది కాదని ఇద్దరికీ తెలుసు.

బ్రాండిస్‌కి సంగతి సెప్టెంబరు మూడోవారంలో తెలిసింది. ఆయన చెడ్డవాడు కాడు. ఆ మెకానిక్కుల కోసం ఆర్థికశాఖ దగ్గర మూడేళ్ళూ ఆయనా కొట్టుకున్నాడు, మూడేళ్ళూ ఓడిపోయాడు. ఆఖరి పేజీ తెరిచిపట్టుకుని మార్లిస్ గదిలోకి వచ్చాడు.

"తోడ్సెన్ గారూ, ఇది మీ నంబరేగా?"

"నాదే. చుక్కల్ని ఏం చెయ్యమంటారని అచ్చాఫీసువాళ్ళు అడిగారు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. ఆరువేల ప్రతులు వెనక్కి తెప్పించలేమన్నాడు. పైగా మంత్రిగారి దగ్గరికి బడులనుంచి మెప్పుదల ఉత్తరాలు వస్తున్నాయట, ఫోను చేస్తే మనిషి పలుకుతున్నాడని. "పలికేది ఎవరో ఆయనకి తెలీదు. నన్ను మాత్రం చెప్పమనకండి," అన్నాడు. క్రిస్మస్ దాకా ఇలా నడవనివ్వండి, ఈలోగా చూద్దాం అని లేచాడు. ఏం చూస్తామో ఆయన చెప్పలేదు.

ఆ ఫోన్లు చేసేవాళ్ళలో మొమ్మె హారింగ్ ఒకడు. ఊల్సుమ్ అనే చిన్న ఊళ్ళో, సముద్రాన్ని కట్టవేసి ఆపిన పల్లపు నేలల్లో, ఫిజిక్సు టీచరు. యాభై దాటినవాడు. ఆ బడి కంప్యూటర్ల బరువు ఆయనదే. ప్రతి మంగళవారం మూడో పీరియడులో, అదే ఆయనకిచ్చిన ఖాళీ పీరియడు, ఫోను చేసేవాడు.

"తోడ్సెన్ గారూ, మొమ్మెనండి. ఈవేళ శుభవార్త. ఇరవై రెండు పనిచేస్తున్నాయి."

"మొత్తం ఎన్నండీ?"

"అదే, శుభవార్త చెప్తుంటే లెక్కలడక్కూడదు."

మార్లిస్‌కి వారం మొత్తంలో నవ్వొచ్చేది ఆ పావుగంటే. ఆయన మొరపెట్టుకునేవాడు కాదు. సర్వరు పెట్టిన గదిలో వాననీళ్ళు కారుతుంటే కింద బకెట్టు పెట్టాననీ, ఆ బకెట్టు పారబొయ్యడం కూడా డిజిటల్ ప్రణాళికలో ఏ పేజీలో ఉందో చెప్పమనీ అడిగేవాడు. ఇద్దరూ కలిసి ఫోన్లోనే ఒక్కొక్క మరా విప్పి బిగించేవాళ్ళు. ఫోనుకి నాలుగేసి మరమ్మతుల లెక్కన, నోటుబుక్కులో ఊల్సుమ్ పేరు నలభై ఒక్కసార్లు ఉంది.

నవంబరులో రెండు మంగళవారాలు ఆ ఫోను రాలేదు. మూడోవారం మార్లిసే బడికి ఫోను చేసింది. హారింగ్ గారు సెలవులో ఉన్నారు, డాక్టరు క్రిస్మస్ దాకా రాసిచ్చాడు అని చెప్పారు. జబ్బేమిటని అడిగితే అటువైపు మనిషి, "ఏమోనండీ, మనిషి బాగానే ఉన్నారు," అంది.

ఆ మాట మార్లిస్‌ని రోజంతా వదల్లేదు. శుక్రవారం సగంపూట సెలవు పెట్టి రైలెక్కింది. ఊల్సుమ్‌లో దిగేసరికి గాలి అడ్డంగా వీస్తోంది. ఇల్లు కట్ట పక్కనే. తలుపు తీసిన ఆయన భార్య హైకె, లోపలికి రమ్మనకముందే షరతు చెప్పింది. "అరగంట. యంత్రాల ఊసెత్తితే నేనే లేపి పంపేస్తాను, ఏమనుకోకండి."

మొమ్మె వంటింట్లో బల్లదగ్గర కూర్చుని, తొలిమంచు పడ్డాక కోసే ముదురాకుకూర కాడలనుంచి దూస్తున్నాడు. బల్లమీద ఆకు కుప్పగా ఉంది. ఫోన్లో గొంతునిబట్టి లావుగా ఉంటాడనుకుంది. బక్కపలచటి మనిషి. లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయాడు.

"ఇంతదూరం ఎందుకొచ్చారండీ. పనిచేసేవి ఎన్నో నాకిప్పుడు తెలీదు," అన్నాడు.

మార్లిస్ కోటు విప్పి ఎదురుగా కూర్చుని తనూ ఒక కాడ తీసుకుంది. కాసేపు ఇద్దరూ ఆకు దూశారు. హైకె టీ పోసి పక్కగదిలోకి వెళ్ళింది, తలుపు మాత్రం తెరిచే ఉంచింది. ఆయనే చెప్పాడు. నెల మొదట్లో ఒక సోమవారం ఎనిమిదో తరగతికి పరీక్ష పెట్టారట, ట్యాబుల మీద. మొదలెట్టిన అయిదు నిమిషాలకి నెట్‌వర్కు పోయింది. తీగ చూద్దామని బల్లకిందికి దూరాడు. తీగ బాగానే ఉంది. లేద్దామంటే లేవలేకపోయాడు. నడుం పట్టెయ్యలేదు, కళ్ళు తిరగలేదు. అక్కడ చీకటిగా ఉంది, ఎవరూ ఏమీ అడగడంలేదు, ఉండిపోవాలనిపించింది. తీగ వెతుకుతున్నారనుకుని పిల్లలు ఊరుకున్నారు. కొంతసేపటికి ఒక అమ్మాయి వంగి చూసి, సార్, లైటు ఆర్పెయ్యమంటారా అని మెల్లిగా అడిగిందట.

"దానికెలా తెలిసిందో," అన్నాడు మొమ్మె. "ఇరవై ఆరుమందిలో ఆ ఒక్కదానికి."

మార్లిస్ చేతిలో కాడ పక్కన పెట్టింది. పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి, ఫోన్లో తప్ప ఎరగని మనిషికి చెప్పింది. కారు, తాళంచెవి, కదలని కాళ్ళు.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఎంతసేపు కూర్చున్నారు?"

"రెండు పీరియడ్లు."

"నేను ఒక్కటే," అన్నాడు ఆయన. అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. పక్కగదిలో హైకె ఏం జరుగుతోందోనని గుమ్మందాకా వచ్చి, చూసి, వెళ్ళిపోయింది.

మొమ్మె అన్నాడు, "నేనొకటి చెప్తాను, కోప్పడకండి. మీరు ఫోనెత్తారు కాబట్టే మేము ఇన్నాళ్ళు లాక్కొచ్చాం. అది మేలో కీడో నాకు తెలీడంలేదు. ఎవరూ ఎత్తకపోయుంటే సెప్టెంబరులోనే నేను చేతులెత్తేసేవాణ్ణి. అప్పుడు బడివాళ్ళు ఊరిమీద పడేవాళ్ళు, ఊరు మీ మీద పడేది. మీరూ నేనూ గోడకి భుజంపెట్టి నిలబడ్డాం. బయటినుంచి చూసేవాళ్ళకి గోడ బాగానే ఉంది."

మార్లిస్ తిరుగుబండిలో కిటికీ పక్కన కూర్చుని, ఆ మాట తప్పని తేల్చడానికి చాలా దూరం ప్రయత్నించింది. తేల్చలేకపోయింది. తను చేసింది సాయమనే ఇన్నాళ్ళూ అనుకుంది. తొంభై ఒకటో పేజీలో ఆ వాక్యం అబద్ధమని ఎవరికీ తెలియకుండా కాపాడుతున్నది తనేనని అప్పటిదాకా తట్టలేదు.

సోమవారం నుంచి ఆమె, ఫోన్లు చేసినవాళ్ళని ఇంకో ప్రశ్న కూడా అడగడం మొదలెట్టింది. ఏం చెడిందో సరే, మీరెలా ఉన్నారు, మీకన్నా ముందు ఈ పని చూసినవాళ్ళు ఎక్కడున్నారు అని. చాలామంది ముందు తడబడ్డారు. తర్వాత చెప్పారు. మూడు వారాల్లో మూడొందల నలభై బడుల సంగతి తెలిసింది. ఆగస్టులో ఈ బరువు ఎత్తుకున్నవాళ్ళలో అరవై మూడుమంది క్రిస్మస్ రాకముందే సెలవు పెట్టారు, లేదా నావల్ల కాదని రాసిచ్చేశారు. కొన్ని బడుల్లో రెండోవాళ్ళు కూడా పడిపోయి మూడోవాళ్ళు నడుస్తున్నారు.

ఆ కాగితం తీసుకుని ఆమె బ్రాండిస్ దగ్గరికి వెళ్ళలేదు. కాగితాలు ఆయన చాలా చూశాడు. డిసెంబరు రెండో సోమవారం, పొద్దున్నే ఏడున్నరకి, ఆయన్నే తన గదికి పిలిచింది.

"ఒక్క గంట మీరు కూర్చోండి," అని తన కుర్చీ చూపించింది.

"నేనా? నాకు వీటి గురించి ఏం తెలుసు?"

"నాకూ ఏం తెలియదు. కూర్చోండి."

ఆయన తమాషా అనుకున్నాడు. ఆవిడ మొహం చూసి కూర్చున్నాడు. ఏడూ నలభై ఏడుకి ఫోను మోగింది. ఏడు తరగతుల్లో ఒక్క పిల్లాడు కూడా ట్యాబు తెరిచి పాఠంలోకి వెళ్ళలేకపోతున్నాడని ఒక ప్రధానోపాధ్యాయుడు. మనిషెప్పుడొస్తాడని అడిగాడు. బ్రాండిస్ గొంతు సవరించుకుని, పాఠశాలలకు తగిన సహాయం అందించబడుతుంది అన్నాడు. నోటికి అలవాటైన మాట.

"అంటే ఎవరండీ?" అన్నాడు అటువైపాయన. దురుసుగా కాదు, రాసుకోవడానికి పేరడిగినట్టు.

బ్రాండిస్ మార్లిస్ వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూస్తోంది. గంటలో పంతొమ్మిది ఫోన్లొచ్చాయి. ఆయన కోటు విప్పాడు, టై వదులు చేసుకున్నాడు, నోటుబుక్కులో రాశాడు. ఆఖరున ఒక పెద్దావిడ, గొంతునిబట్టి రిటైరవడానికి దగ్గర్లో ఉన్నట్టుంది. ఏమీ చెడలేదట. ఒక్కమాట అడుగుదామని చేసిందట.

"ఈ పూటకి పుస్తకం తీసి పాఠం చెప్పుకోవచ్చాండీ? తప్పేం కాదు కదా?"

"చెప్పండమ్మా," అన్నాడు బ్రాండిస్. "చెప్పండి, తప్పేం లేదు."

ఫోను పెట్టేశాడు. తర్వాత మార్లిస్ చేతికిచ్చిన అరవై మూడుమంది కాగితం చదివాడు. అదీ, నిండిపోయిన నాలుగు నోటుబుక్కులూ చంకలో పెట్టుకుని ఆ వారమే ఆర్థికశాఖకి వెళ్ళాడు. మళ్ళీ వెళ్ళాడు. అరవై నలుగురు మెకానిక్కులు కావాలని అడిగాడు, ఎనిమిది బడులకొకరు చొప్పున, మార్లిస్ మొదటిసారి రాసిన లెక్కే. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అక్కడ బల్ల గుద్దాడని నాలుగో అంతస్తులో చెప్పుకున్నారు.

జనవరి మధ్యలో నడవాలో ఎదురుపడి, నిలబెట్టి చెప్పాడు. "ఆరుగురు."

"అయిదొందల పన్నెండుకా?"

"ఆరుగురు," అన్నాడు మళ్ళీ. ఆయన కళ్ళకింద నల్లటి చారలుండటం మార్లిస్ అప్పుడే చూసింది. ఫరవాలేదని ఆవిడ అనలేదు. చాలా ఎక్కువ పనిచేశారు అని మాత్రం అంది. అది నిజమే.

పత్రికల్లో, ప్రభుత్వం ముందుచూపుతో ఏర్పాటుచేసిన సహాయవాణి ఇక విస్తరిస్తోందని వచ్చింది. మార్లిస్ చదివి, మడిచి, తడి గొడుగు కింద పరిచింది.

ఫిబ్రవరి మొదట్లో ఆ ఆరుగురూ వచ్చారు. ఫోను కింది అంతస్తులో వాళ్ళ గదికి మారింది. ముందు ఏ బడికి వెళ్ళాలో చెప్పమని అడిగితే, ఆమె రెండురోజులు కూర్చుని వరస రాసింది. ట్యాబుల సంఖ్యనిబట్టి కాదు, ఎంతమంది టీచర్లు పడిపోయారన్న దాన్నిబట్టి. పద్దెనిమిది బడుల్లో ఇద్దరేసి, ముగ్గురేసి ఉన్నారు. ఊల్సుమ్‌లో ఒక్కరే. పేరు పైకి జరపాలని చెయ్యి లాగింది. జరపలేదు.

ఆ వారంలోనే మొమ్మె మార్లిస్ ఇంటికి ఫోను చేశాడు. ఆఫీసు నంబరు చేస్తే ఎవరో కుర్రగొంతు పలికిందట. వచ్చేవారంనుంచి బడికి వెళ్తున్నాననీ, సగంపూటే, ఫిజిక్సు మాత్రమే, తీగ ముట్టుకోనని ప్రధానోపాధ్యాయురాలి చేత కాగితం రాయించుకున్నాననీ చెప్పాడు. ఆ పని ఇప్పుడు చిత్రలేఖనం టీచరు నెత్తిన పడిందట. పాపం, ఆవిడకి ఏమీ తెలియదన్నాడు.

"మనిషిని పంపిస్తున్నాం. మీ వంతు పంతొమ్మిదోది," అంది మార్లిస్. "ఏప్రిల్ అవుతుందేమో."

"పంతొమ్మిదా? మా ఊరి బస్సుకన్నా నయమేనండి." తర్వాత ఆమె సంగతి అడిగాడు. "మరి మీరు?"

రెండో దశ ప్రణాళిక రాయమని బ్రాండిస్ అడిగాడనీ, ఈస్టరు తర్వాత చెప్తానన్నాననీ, ముందు, ఈవేళ్టినుంచి మూడువారాలు సెలవు పెట్టాననీ ఆమె చెప్పింది. సెలవులో ఏం చేస్తారని అడిగాడు. ఇంకా తెలీదంది. డెట్‌లెఫ్ ఎక్కడికైనా వెళ్దామంటున్నాడు, తనకి మాత్రం ఎక్కడికీ కదలాలని లేదు.

"కదలకండి," అన్నాడు మొమ్మె. "మొదటివారం నిద్రొస్తుంది. రెండోవారం ఏడుపొస్తుంది. దానికి కంగారు పడకండి. మూడోవారం ఆకలేస్తుంది."

ఫోను పెట్టేసేసరికి మధ్యాహ్నం మూడైంది. బయట వెలుగుంది. డెట్‌లెఫ్ వంటింట్లో చేపల పులుసు కలుపుతూ, ఇప్పుడు తింటావా అని అడిగాడు. కాసేపాగి తింటానని చెప్పి, మార్లిస్ సోఫామీద కాళ్ళు చాపుకుంది. ఆయన గిన్నె తెచ్చేసరికే నిద్రపోయింది.